పొయ్యిలోకి పోయే కట్టెను తూచడం: పర్లాకిమిడి పరిసర గ్రామాల్లో వంట ఇంధనంపై సర్వే చేసే విధానం

ఒడిశాలోని గజపతి జిల్లాలో మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఏ పల్లెలోనైనా పొద్దు వాలే వేళ నిలబడి చూస్తే పెంకుటిళ్ల చూరుల నుంచి పొగ లేస్తూ కనిపిస్తుంది. అదే పల్లెలో గ్యాసు కనెక్షన్లు ఉన్న ఇళ్ల జాబితా తెచ్చి సరిచూస్తే, పొగ లేస్తున్న ఇళ్లలో కొన్ని ఆ జాబితాలో కూడా ఉంటాయి. జాబితా కనెక్షన్లను లెక్కిస్తుంది, పొగ వాడకాన్ని చూపిస్తుంది కాబట్టి రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. ఉజ్వల పథకం 2016 మే 1న మొదలైన తరువాత కనెక్షన్లను లెక్కపెట్టడం తేలికైంది కాని, ఆ గ్యాసు బండ ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో, దాని పక్కన కట్టెల పొయ్యి ఎందుకు మిగిలిందో ఇంటికి వెళ్లి కొలిస్తే తప్ప తెలియదు. విద్యుత్తు విషయంలోనూ ఇటువంటి తేడాయే ఉండేది. 2004 నాటి నిర్వచనం ప్రకారం పాఠశాల, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లకు కరెంటు వచ్చి, నూటికి పది ఇళ్లకు కనెక్షన్ ఉంటే చాలు, ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్లే. మిగిలిన తొంభై ఇళ్ల సంగతి ఆ అంకెలో కనిపించేది కాదు.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల కళాశాలల్లో ఇంజనీరింగు, గణాంకశాస్త్రం, సామాజిక శాస్త్రాలు చదువుతున్న తెలుగు విద్యార్థుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఒక్క గ్రామ పంచాయతీలో వంటకు ఎంత కట్టె, ఎంత గ్యాసు, ఎంత కరెంటు ఖర్చవుతోందో నమ్మదగిన విధంగా తేల్చడానికి నాలుగు రంగాల పరిజ్ఞానం కావాలి. వేడిని లెక్కగట్టడం ఇంజనీరు పని, ఇళ్లను ఎంచడం గణాంకుడి పని, రకరకాల ఇంధనాలను ఒకే కొలతలోకి తేవడం శక్తిరంగం తెలిసినవారి పని. ఇల్లాలు చెప్పే మాటను చెప్పినది చెప్పినట్లుగా వినడం సామాజిక శాస్త్రవేత్త పని. చాలా ప్రాజెక్టులు మొదటి మూడింటి మీద శ్రద్ధ పెట్టి నాలుగోదాన్ని ఒక ప్రశ్నావళితో సరిపెట్టేస్తాయి. నా మొదటి సర్వే చెడిపోయింది అక్కడే.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తేవడం

"గ్రామీణ ఇంధన వినియోగంపై అధ్యయనం" అనేది శీర్షిక అవుతుందే తప్ప ప్రశ్న కాదు. ప్రశ్న ఇలా ఉండాలి: ఈ పంచాయతీలో ఒక ఇల్లు వంటకు రోజుకు ఒక్కో మనిషికి ఎన్ని కిలోల కట్టె కాలుస్తోంది, గ్యాసు ఉన్న ఇళ్లలో కట్టెల పొయ్యి ఏయే పనులకు మిగిలి ఉంది? ఈ వాక్యం రాసుకున్న మరుక్షణం "వంట" అంటే ఏమిటన్న సందేహం వస్తుంది, రావాలి కూడా. స్నానానికి నీళ్లు కాచడం వంటేనా? ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం ఉడకబెట్టడం, పశువులకు దాణా ఉడికించడం ఏ లెక్కలోకి వస్తాయి? ఈ పనుల్లో కొన్ని రోజువారీ వంటకన్నా ఎక్కువ కట్టెను మింగుతాయి. వాటిని వదిలేయకండి, వంటలో కలిపేయకండి. ప్రతి పనికీ వేరే గడి పెట్టి వేరుగా రాయండి.

కాలాన్ని కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఎండాకాలంలో ఒడియా ఇళ్లలో పొఖాళొ, మన ఇళ్లలో చద్దన్నం, చోడి అంబలి నడుస్తాయి కాబట్టి చాలా ఇళ్లలో పొద్దుట పొయ్యి వెలగదు. వానాకాలంలో కట్టె తడిసి ఉండి, అదే వంటకు ఎక్కువ కాలుతుంది. అందుచేత ఏప్రిల్–మే, జూలై–ఆగస్టు, డిసెంబరు–జనవరి అని కనీసం మూడు విడతలు పెట్టుకోవడం మంచిది. సంక్రాంతి, దసరా, రథయాత్ర రోజులతోపాటు మార్గశిర లక్ష్మివారాలను (గురువారాలను) కూడా తప్పించండి. ఆ రోజుల్లో ఇళ్లలో పిండివంటలు ఉంటాయి కాబట్టి అప్పుడు తూచినది మామూలు రోజు లెక్క కాదు. తుపాను వచ్చిన ఏడాదిని ప్రత్యేకంగా గుర్తించండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తరువాత కూలిన చెట్ల కట్టె ఇళ్ల ముందు పేరుకుంటుంది. అటువంటి ఏడాది తూచిన అంకె ఆ ఏడాదికే చెల్లుతుంది.

రెండో మెట్టు: అనుమతి, నమ్మకం, భాష

పంచాయతీకి రాతపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి. ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలు కాబట్టి అక్కడ పల్లెసభలో చెప్పి, వారి అంగీకారం తీసుకున్నాకే అడుగు పెట్టాలి. ఇక్కడొక చిన్న హెచ్చరిక చేయాలి. గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాకు ఉంది, పక్కనే రాయగడ అనే జిల్లా, దానికి అదే పేరుతో ముఖ్యపట్టణం ఉన్నాయి. డేటాలో ఊరి పేరొక్కటే రాసి వదిలేస్తే ఆరు నెలల తరువాత ఏ రాయగడో మీకే తెలియదు. జిల్లా, బ్లాకు, పంచాయతీ, పల్లె అనే నాలుగు గడులూ పెట్టుకోండి.

ఈ ప్రాంతంలో కట్టె గురించి అడగడం అంటే అడవి గురించి అడగడమే. "కట్టె ఎక్కడి నుంచి తెస్తారు?" అన్న ప్రశ్నకు రిజర్వు అడవి పక్కనున్న పల్లెలో నిజమైన జవాబు రాదు, వస్తే ఆ జవాబు రాసుకున్న కాగితం చెప్పినవారికే చేటు తేవచ్చు. మీ ప్రశ్నకు కావలసింది స్థలం పేరు కాదు, శ్రమ. కాబట్టి "వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది, వారంలో ఎన్నిసార్లు, ఎవరు వెళ్తారు" అని అడిగితే సరిపోతుంది. ఇంటి పేర్లు ఒక పుస్తకంలో, జవాబులు మరో పుస్తకంలో ఉంచి రెండింటినీ ఒక సంకేత సంఖ్యతో మాత్రమే కలపండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, మనల్ని నమ్మి తలుపు తీసినవారి పట్ల ఇది కనీస మర్యాద.

భాష విషయంలో తొందరపడకూడదు. పట్టణంలోనూ పల్లపు ఊళ్లలోనూ తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి, కొండ మీదికి పోయేకొద్దీ సవర భాష వస్తుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు సవరల దగ్గరే వారి భాష నేర్చుకొని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊళ్లో చదువుకుంటూ సవర గూడెంలో తెలుగు ప్రశ్నావళితో పని కానివ్వడం మనకు తగదు. ప్రశ్నలను ఒకరు తెలుగు నుంచి ఒడియాలోకి, సవరలోకి మార్చాక, మూలం చూడని మరొకరితో తిరిగి తెలుగులోకి రాయించండి. రెండు తెలుగు పాఠాలు ఎక్కడ తేడాపడితే అక్కడ ప్రశ్నలో లోపం ఉందన్నమాట. తెలుగులోనే ఎన్ని చిక్కులున్నాయో చూడండి. "కర్రలు ఎన్ని కాలుస్తారు?" అని అడిగితే ఇల్లాలు లావుపాటి కర్రలనే లెక్క చెబుతుంది. చితుకులు, జీడిమామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు, కందికట్టె, పిడకలు ఆ మాటలోకి రావు. "పొయ్యిలో ఏమేమి పెడతారు?" అని అడిగినప్పుడే అవన్నీ బయటికి వస్తాయి.

మూడో మెట్టు: ఇళ్లను ఎంచడం

ముందుగా "ఇల్లు" అంటే ఏమిటో తేల్చాలి. ఒకే చోట నివసిస్తూ ఒకే వంట తినేవారిని ఒక కుటుంబంగా తీసుకోవడం మన జాతీయ నమూనా సర్వేల పద్ధతి. తెలుగువారికి దీన్ని వివరించవలసిన పని లేదు, అన్నదమ్ములు విడిపోతే "వేరు కుంపటి పెట్టారు" అంటాం. ఒకే కప్పు కింద రెండు కుంపట్లు ఉంటే అవి రెండు కుటుంబాలు. ఓటర్ల జాబితాలోనో రేషను జాబితాలోనో ఈ సంగతి దొరకదు కాబట్టి ఊరంతా నడిచి, ప్రతి కుంపటికీ ఒక సంఖ్య వేసి, సొంతంగా జాబితా తయారు చేసుకోండి. పల్లెకు ఒక పూట పట్టినా ఈ పనిని ఎవరికీ అప్పగించకండి.

ఎన్ని ఇళ్లు కావాలన్నది తరువాతి లెక్క. మన పంచాయతీలో పల్లంలో 450, కొండ మీద 150, మొత్తం 600 కుటుంబాలు ఉన్నాయనుకుందాం. "గత వారంలో గ్యాసు వాడిన ఇళ్లు నూటికి ఎన్ని" వంటి ప్రశ్నకు 95 శాతం నమ్మకంతో, 5 శాతానికి మించని తేడాతో జవాబు కావాలంటే పెద్ద జనాభాకు 384 ఇళ్లు అవసరం. జనాభా 600 మాత్రమే కాబట్టి 384 ÷ (1 + 383 ÷ 600) చేయగా 235 వస్తుంది. 10 శాతం తేడా ఫరవాలేదనుకుంటే 83 ఇళ్లు చాలు. తూకం లెక్క దీనికి వేరు. ఇంటికి ఇంటికీ కట్టె వాడకంలో ఉండే హెచ్చుతగ్గులు, అంటే ప్రామాణిక విచలనం, సగటులో 40 శాతం ఉందని ఒక చిన్న ముందస్తు సర్వేలో తేలిందనుకోండి. సగటును 10 శాతం లోపు తేడాతో పట్టుకోవడానికి (1.96 × 0.4 ÷ 0.1) ను వర్గం చేయగా 61.5 వస్తుంది, జనాభా సవరణ తరువాత అది 56 అవుతుంది. అందుచేత 300 ఇళ్లలో అడగడం, వాటిలో 60 ఇళ్లలో తూచడం అనేది ఈ పంచాయతీకి సరిపోయే ప్రణాళిక. అడగవలసిన 235కు మించి ఉన్న 65 ఇళ్లు తాళం పడిన ఇళ్ల కోసం. ఈ జిల్లాల నుంచి సూరతుకు, చెన్నైకి వలస వెళ్లే కుటుంబాలు ఎక్కువ.

తాళం కనిపించిన ఇంటికి బదులు పక్కింటికి వెళ్లడం ఎంత తేలికో అంత ప్రమాదం. వలస వెళ్లేవారికీ ఇంటిపట్టున ఉండేవారికీ వంట అలవాట్లలో తేడా ఉంటుంది కాబట్టి, అలా మార్చుకుంటూ పోతే నమూనా మొత్తం ఇంటిపట్టున ఉండేవారి వైపు ఒరిగిపోతుంది. మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. అప్పటికీ దొరకకపోతే "దొరకలేదు" అని రాసి వదిలేయండి.

ప్రతి రెండో ఇంటిని ఎంచేటప్పుడు వీధి అమరిక చూసుకోవాలి. మన ఊళ్లలోనూ సవర గూడేల్లోనూ ఇళ్లు ఎదురెదురు వరుసల్లో ఉంటాయి. మీరు ఈ వైపు ఒకటి, ఆ వైపు రెండు అంటూ సంఖ్యలు వేసి ఉంటే, బేసి సంఖ్యలన్నీ ఒకే వరుసలో పడతాయి. ఆ వరుస ఒక కులానిదో ఒక వంశానిదో అయితే సగం ఊరు మీ సర్వేలో లేనట్లే. ఒక వరుస చివరిదాకా సంఖ్యలు వేసుకుంటూ వెళ్లి, రెండో వరుస మీదుగా వెనక్కి రండి. తూకానికి కావలసిన 60 ఇళ్లను మాత్రం పల్లం నుంచి 30, కొండ నుంచి 30 చొప్పున చీటీలు తీసి నిర్ణయించండి. తిరగడం కలిసివస్తుందని ఆరు గూడేలు ఎంచుకొని ఒక్కోదానిలో పదేసి ఇళ్లు తీసుకుంటే, ఒకే గూడెంలోని ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి కాబట్టి సమాచారం తగ్గుతుంది. ఆ పోలికను చెప్పే సూచిక 0.1 ఉన్నా చాలు, గూడేనికి పది ఇళ్లలో ఒకటి తీసేయగా మిగిలిన 9తో లెక్కిస్తే 1 + 9 × 0.1 = 1.9 రెట్లు నష్టం, అంటే మీ 60 ఇళ్లు 32 ఇళ్లంత బలమే ఇస్తాయి.

నమూనాను ముందే రెండు సమభాగాలుగా విడగొట్టి, రెండు బృందాలకు చెరొకటి అప్పగించండి. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ మన దేశపు పెద్ద సర్వేల్లో ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. రెండు బృందాల సగటులు దగ్గరగా వస్తే ధైర్యంగా ముందుకు పోవచ్చు, దూరంగా పోతే తప్పు ఊరిలో లేదు, మీ బృందాల్లో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఆ మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలోనే ప్రపంచస్థాయి గణాంక శాస్త్రవేత్తగా ఎదిగిన సి.ఆర్. రావు గారిని తలచుకొని గర్వపడే మనం ఈ ఒక్క జాగ్రత్తనైనా పాటించాలని నా కోరిక.

నాలుగో మెట్టు: తూచడం

ఈ పనికి ప్రాణం ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. "వారానికి రెండు మోపులు" అన్న జవాబును కిలోల్లోకి మార్చడానికి మోపు బరువు తెలియాలి. కాశీనగరం వైపు ఒక పల్లెలో నేను ఒకే పూట రెండు మోపులు తూచాను. అడవి నుంచి అప్పుడే దింపిన ఒక నడివయసు ఆవిడ మోపు కొక్కేనికి తగిలిస్తే 22 కిలోలు చూపింది, ఆమె వెనకే వచ్చిన కోడలి మోపు 13 కిలోలు. ఇద్దరూ దాన్ని మోపు అనే అన్నారు. ఒకే ఇంట్లో, ఒకే పూట, ఒకే మాటకు ఇంత తేడా ఉన్నప్పుడు మోపులను లెక్కించి సగటు తీయడంలో అర్థం లేదు.

కావలసిన సామగ్రి తక్కువ. 50 కిలోల వరకు తూచే వేలాడే కాటా, 10 గ్రాముల తేడానైనా చూపే బల్ల కాటా, థర్మామీటరు, తేమ కోసం కళాశాల ప్రయోగశాలలోని ఓవెన్ ఉంటే చాలు. ప్రతి ఉదయం బయలుదేరే ముందు కాటాను పరీక్షించండి. ఖాళీ బక్కెట్టు తూచి, అందులో కొలిచి 10 లీటర్ల నీళ్లు పోస్తే బరువు సరిగ్గా 10 కిలోలు పెరగాలి. పెరగకపోతే ఆ రోజు ఆ కాటాతో వెళ్లకండి.

మొదటి రోజు సాయంత్రం, ఆ ఇంట్లో మూడు రోజులకు సరిపడే కట్టెకన్నా కొంచెం ఎక్కువను విడిగా పేర్చి తూచండి. ఆ కుప్పలోంచే వాడమని అడగండి. మరుసటి సాయంత్రం అదే వేళకు వెళ్లి మిగిలినది తూచండి. ఇలా మొత్తం మూడు రోజులు, అంటే నాలుగుసార్లు వెళ్లాలి. సగం కాలి ఆర్పిన కొరకంచులను కూడా మిగిలినదానిలోనే కలిపి తూచాలి, అవి రేపు మళ్లీ పొయ్యిలోకే పోతాయి. కుప్పలో చుట్టాలు తెచ్చి పడేసిన కట్టె కలిసిందా, పక్కింటికి నాలుగు పుల్లలు ఇచ్చారా అన్నది ప్రతిసారీ మర్యాదగా అడగండి. తూచే మూడు రోజులూ కట్టె గాని, డబ్బు గాని ముందుగా ఇవ్వవద్దు, ఇస్తే వాడకం మారుతుంది. అన్ని ఇళ్లూ పూర్తయ్యాక అందరికీ ఒకే విధంగా చిన్న కానుక ఇవ్వండి.

ఏ పూట ఎంతమంది తిన్నారో రాసుకోవడం మరవవద్దు. పెద్దలు, పిల్లలు కలిసిన ఇళ్లను పోల్చడానికి 15 నుంచి 59 ఏళ్ల మగవారిని 1గా, 14 దాటిన స్త్రీలను 0.8గా, 59 దాటిన మగవారిని 0.8గా, 14 ఏళ్ల వరకు పిల్లలను 0.5గా లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి. భార్యాభర్తలు, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు 3.6 అవుతుంది. ఆ ఇంట్లో రోజుకు 4 కిలోలు కాలితే ఒక్కో ప్రామాణిక మనిషికి 1.11 కిలోలు.

తేమను కొలవకపోతే ఈ తూకమంతా నీళ్లను తూచినట్లే. కుప్పలోంచి లావువి, సన్నవి కలిపి ముక్కలు తీసి, వెంటనే తూచి, గాలి చొరని సంచిలో కట్టి తెచ్చి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టండి. 250 గ్రాముల ముక్క 200 గ్రాములకు దిగితే పోయిన నీరు 50 గ్రాములు. దీన్ని పచ్చి బరువుతో భాగిస్తే 20 శాతం, ఎండు బరువుతో భాగిస్తే 25 శాతం. రెండూ సరైనవే కాని, ఏ లెక్కన రాశారో చెప్పని నివేదికను నేను పక్కన పెట్టేస్తాను. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 18.5 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. పచ్చి బరువు లెక్కన 20 శాతం తేమ ఉంటే అందులోని నీటిని ఆవిరి చేయడానికి పోయింది తీసేయగా దాదాపు 14.3, 40 శాతం తేమ ఉంటే దాదాపు 10.1 మాత్రమే మిగులుతుంది. వానాకాలంలో ఎక్కువ కట్టె కాలడానికి ఇల్లాలి దుబారా కారణం కాదని ఈ రెండు అంకెలే చెబుతాయి.

గ్యాసు బండను తూచేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. నిండు బండలో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. రోజుకు ఖర్చయ్యేది మాత్రం కొద్ది వందల గ్రాములే. 100 గ్రాముల గీతలున్న కాటాతో రోజూ తూచితే తప్పు కొలతంత అవుతుంది. అందుకే బల్ల కాటా వాడి, మొదటి రోజు, చివరి రోజు తూచి తేడా తీయడం మేలు. రైస్ కుక్కరు, కరెంటు పొయ్యి ఉన్న ఇళ్లలో ప్లగ్గుకు పెట్టే చిన్న మీటరుతో యూనిట్లు రాసుకోండి. ఒక యూనిట్ 3.6 మెగాజౌళ్లు. అదే మీటరులో వోల్టేజిని వంట వేళల్లో చూసి రాయండి. 1956 నాటి విద్యుత్ నియమాల్లో ఇళ్ల సరఫరాలో 6 శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండకూడదని ఉండేది, అంటే 230కి గాను 216 నుంచి 244 వరకు. కాయిల్ పొయ్యి ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఊరి చివరి ఇంట్లో 180 వోల్టులు వస్తే 1000 వాట్ల పొయ్యి 612 వాట్లే ఇస్తుంది. అన్నం ఉడకడం లేదని ఆ ఇంటివారు మళ్లీ కట్టెకు మళ్లితే అది వారి పాత అలవాటని రాయడం అన్యాయం. ఎల్‌ఈడీ దీపం తక్కువ వోల్టేజికీ బాగానే వెలుగుతుంది గనుక "కరెంటు ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" అంటారు, కొలిస్తేనే తేడా తెలుస్తుంది.

పొయ్యి సామర్థ్యాన్ని కూడా పదిళ్లలోనైనా పరీక్షించండి. 2.5 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి మరిగేదాకా కాస్తే నీటిలోకి చేరే వేడి 4.186 × 2.5 × 72, అంటే సుమారు 753 కిలోజౌళ్లు. అందుకు 450 గ్రాముల కట్టె కాలిందనుకుంటే, పెట్టిన వేడి 6435 కిలోజౌళ్లు, సామర్థ్యం 11.7 శాతం. మూడు రాళ్ల పొయ్యికి సాధారణంగా చెప్పే 10–15 శాతంలో ఇది పడుతుంది. 1501 మీటర్ల మహేంద్రగిరి వాలుల్లోని ఊళ్లలో నీరు 100 డిగ్రీల కంటే ముందే మరుగుతుంది కాబట్టి అక్కడ థర్మామీటరు చూపిన అంకెనే లెక్కలో వేయండి.

ఇప్పుడు రెండు ఇంధనాలను పక్కపక్కన పెట్టవచ్చు. 4 కిలోల కట్టె 14.3 చొప్పున 57.2 మెగాజౌళ్లు, అందులో గిన్నెకు చేరేది 12 శాతం లెక్కన 6.9. గ్యాసు కిలోకు 45.5 మెగాజౌళ్లు, ఇంట్లో వాడే పొయ్యి సామర్థ్యం 65 శాతం అనుకుంటే ఆ 6.9కి దాదాపు 230 గ్రాములు చాలు. ఒక బండ రెండు నెలలు రావాలి. ఇంటివారు చెప్పిన లెక్క దీనికి బాగా దూరంగా ఉంటే, బండ నాలుగైదు నెలలు వస్తోందంటే, మిగతా వంట ఎక్కడ జరుగుతోందో వెతకండి.

అయిదో మెట్టు: అడగడం

నా మొదటి సర్వేలో "గ్యాసు వాడుతున్నారా?" అన్నదే మొదటి ప్రశ్న. అందరూ వాడుతున్నామన్నారు, నేను సంతోషంగా రాసుకున్నాను. తరువాత తూకానికి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో బండ మీద దుమ్ము, పక్కన బియ్యం బస్తా కనిపించాయి. ఆ ఇంటి అత్తగారు నా వైపు చూసి, "వాడట్లేదంటే బండ పట్టుకుపోతారేటో అనుకున్నాం బాబూ. నీవు కాయితం పట్టుకొచ్చావు కదా" అన్నారు. ఆమె అబద్ధం ఆడలేదు, నా ప్రశ్నలోని బెదిరింపును విన్నది. అప్పటి నుంచి వాడకం గురించి నేరుగా అడగడం మానేశాను.

ఇప్పుడు ఇలా మొదలుపెడతాను: "అత్తా, నిన్న పొద్దుట లేచింది మొదలు పొయ్యి ఎప్పుడెప్పుడు వెలిగించారో వరసగా చెప్పండి." ఆమె టీ దగ్గర మొదలుపెట్టి, పిల్లల బడి వేళకు ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం స్నానాల నీళ్లు అంటూ వస్తుంది. ఏది దేని మీద అన్నది నడుమ నడుమ అడిగితే చాలు. టీ గ్యాసు మీద, అన్నం కట్టె మీద అన్న విభజన ఆ వరసలో దానంతటదే కనిపిస్తుంది. వంట చేసే మనిషినే అడగాలి. ఇంటాయన పక్కనుండి జవాబు చెబుతుంటే వినండి కాని, ఆమె జవాబును వేరుగా రాయండి, కట్టె మోసే సమయం విషయంలో ఇద్దరి అంకెలూ తరచుగా కలవవు. "గ్యాసు ఎందుకు వాడరు?" అని ఎప్పుడూ అడగవద్దు, అది నిలదీసినట్లు ఉంటుంది. "బండ అయిపోతే మళ్లీ తెచ్చుకోవడం ఎలా?" అంటే, దూరం, ఒకేసారి అంత డబ్బు సమకూర్చుకోవలసి రావడం, బండి ఊరిదాకా రాకపోవడం వంటి కారణాలు వారే చెబుతారు.

ఆరో మెట్టు: నమోదు, లెక్క

కాగితం మీదివి కంప్యూటరులోకి ఇద్దరు వేర్వేరుగా ఎక్కించి, రెండింటినీ పోల్చండి. ఖాళీ గడి వేరు, సున్నా వేరు. తూచితే కట్టె కాలలేదని తెలిసినది సున్నా, తూచలేకపోయినది ఖాళీ. ఈ రెండూ కలిసిపోతే సగటు చప్పున పడిపోతుంది.

సగటు తీసేటప్పుడు పల్లానికీ కొండకూ వాటి వాటాలు ఇవ్వాలి. పల్లంలో తలకు 0.9 కిలోలు, కొండలో 1.7 కిలోలు వచ్చాయనుకుందాం. రెండూ 30 ఇళ్లే కదా అని కలిపి సగటు తీస్తే 1.3 వస్తుంది, అది తప్పు. 600లో 450 ఇళ్లు పల్లానివి కాబట్టి 0.75 × 0.9 + 0.25 × 1.7 = 1.10 అన్నది సరైన సగటు. ప్రామాణిక విచలనాలు వరుసగా 0.4, 0.6 అయితే ప్రామాణిక దోషం (సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) 0.061, నమ్మక పరిధి 0.98 నుంచి 1.22 వరకు. నివేదికలో 1.10 ఒక్కటే రాయకండి, పరిధి కూడా రాయండి. మధ్యగతాన్నీ (ఇళ్లను వరసగా పేర్చితే నడుమ పడే అంకెను) చూపించండి, ధాన్యం ఉడికించిన రెండు మూడు ఇళ్లు సగటును పైకి లాగి ఉండవచ్చు.

ఎండాకాలాన్ని వానాకాలంతో పోల్చడానికి కొత్త ఇళ్లు ఎంచకండి, ఆ 60 ఇళ్లకే తిరిగి వెళ్లండి. వేర్వేరు ఇళ్లయితే, విచలనం 0.5 చొప్పున, తేడాకు ప్రామాణిక దోషం 0.091. అవే ఇళ్లలో తేడాల విచలనం 0.3 ఉంటే ప్రామాణిక దోషం 0.039 మాత్రమే. అంతే శ్రమకు రెండింతల పైబడిన స్పష్టత వస్తుంది.

గ్యాసు ఉన్న ఇళ్లు తక్కువ కట్టె కాలుస్తున్నాయని తేలితే దానికి గ్యాసే కారణమని రాసేయకండి. అటువంటి ఇళ్లలో సాధారణంగా రాబడి ఎక్కువ, ఊళ్లోనే ఉద్యోగం, చిన్న కుటుంబం ఉండవచ్చు. ఈ మూడూ మీ దగ్గర నమోదై ఉంటే వాటిని సరిసమానం చేసి పోల్చవచ్చు. నమోదు కాకపోతే "కలిసి కనిపిస్తున్నాయి" అన్నంతవరకే రాయాలి.

ఏడో మెట్టు: ఊరికి తిరిగి చెప్పడం

నివేదిక ముద్రణకు ముందు పంచాయతీలో తెలుగులోనూ ఒడియాలోనూ, గూడేల్లో సవరలోనూ చదివి వినిపించండి. గ్రాఫులు కాగితం మీద ఎంత బాగున్నా అక్కడ పని చేయవు. ఒక కుటుంబం వారానికి కాల్చే కట్టెను ఒక కుప్పగా, అదే వంటకు కావలసిన గ్యాసును ఒక చిన్న గిన్నెడు నీళ్ల బరువుగా పక్కన పెట్టి చూపండి. నేను చివరిసారి అలా చూపినప్పుడు ముందు వరుసలోని ఒక ఆవిడ లేచి వచ్చి, కుప్పలోంచి నాలుగు లావు కర్రలు తీసి పక్కన పెట్టి, "ఇవి మా వీధిలో వంటకు కావు, నీళ్ల కాగుకు" అన్నారు. ఆ వీధిలో తొమ్మిది ఇళ్లను మళ్లీ తూచాము. స్నానాల నీళ్ల గడిలో వేయవలసిన కట్టె వంట గడిలో పడిందని తేలింది. ఆ పంచాయతీ సగటును దిద్ది, దిద్దిన తేదీతో సహా నివేదికలో రాశాము.